సిమ్యులేటర్‌లో విమానం ఎక్కాల్సినట్టు ఎక్కకపోతే

ఇంట్లో కంప్యూటర్ మీద ఫ్లైట్ సిమ్యులేటర్ నడిపేవారిని ఎక్కువగా తికమక పెట్టేది విమానం పైకెక్కే తీరు. ల్యాండింగ్ చెడితే వేగం ఎక్కువైందో, ఎత్తు తప్పిందో చాలావరకు కంటికే కనబడుతుంది. పైకెక్కడం, అంటే క్లైంబ్ విషయం అలా కాదు. ఇంజను శక్తిని పెంచే థ్రాటిల్ లీవరును చివరిదాకా నెట్టినా క్లైంబ్ రేటు నిమిషానికి 300 అడుగులు దాటకపోవచ్చు, ముక్కు పైకీ కిందికీ ఆగకుండా ఊగుతుండవచ్చు, లేదా ఆటోపైలట్ పది నిమిషాలు చక్కగా ఎక్కించి ఉన్నట్టుండి విమానాన్ని స్టాల్‌లో (వేగం తగ్గి రెక్కలు విమానాన్ని మోయలేకపోయే స్థితిలో) పడేయవచ్చు. పైకి మూడూ ఒకే లోపంలా కనిపించినా వాటి మూలాలు వేరు. అందుకే తోచిన సెట్టింగునల్లా మార్చి చూసే పద్ధతి ఇక్కడ పనిచేయదు, పైగా అసలు కారణం మరింత మరుగున పడుతుంది.

విమానం పైకెక్కడానికి ఇంజను మొత్తం శక్తి ఉపయోగపడదనే సంగతిని ముందు గట్టిగా పట్టుకోవాలి. ఎక్కుతున్న వేగంలోనే సమతలంగా ఎగరడానికి కొంత శక్తి ఖర్చయిపోతుంది. ఆ ఖర్చు పోగా మిగిలిన శక్తి మాత్రమే విమానాన్ని పైకి ఎత్తుతుంది. దాదాపు ప్రతి సిమ్యులేటర్‌లోనూ కనిపించే సెస్నా 172ఎస్ విషయమే చూద్దాం. దాని ఇంజను 180 హార్స్‌పవర్‌ది, గరిష్ఠ బరువు 2,550 పౌండ్లు. సముద్రమట్టం దగ్గర, ప్రామాణిక వాతావరణంలో, 74 నాట్ల (గంటకు సుమారు 137 కిలోమీటర్ల) వేగంతో అది నిమిషానికి 730 అడుగులు ఎక్కుతుందని తయారీదారు మాన్యువల్ చెబుతుంది. ఆ బరువును ఆ రేటున పైకెత్తడానికి కావలసిన శక్తిని లెక్కగడితే సుమారు 56 హార్స్‌పవర్ మాత్రమే తేలుతుంది. మిగతాదంతా గాలి నిరోధాన్ని ఎదుర్కోవడానికీ, ప్రొపెల్లర్‌లో జరిగే నష్టాలకూ సరిపోతుంది.

ఇప్పుడు ఇంజను శక్తి పదిశాతం, అంటే 18 హార్స్‌పవర్ తగ్గిందనుకుందాం. ప్రొపెల్లర్ నష్టాలు తీసేస్తే గాలిలో తగ్గేది 13 లేదా 14 హార్స్‌పవర్. ఎగరడానికయ్యే ఖర్చు మాత్రం తగ్గదు కాబట్టి ఆ లోటు మొత్తం మిగులు మీదే పడుతుంది. 56 కాస్తా 42, 43 దగ్గరికి దిగి, క్లైంబ్ రేటు 550 అడుగులకు పడిపోతుంది. ఇంటి ఖర్చులు కదలకుండా ఉండి జీతంలో పదో వంతు తగ్గితే నెలాఖరు పొదుపులో ఎంత పెద్ద గండి పడుతుందో ఇదీ అంతే. సమతల ప్రయాణంలో మూడు నాలుగు నాట్ల తేడాగా కనిపించి ఎవరూ పట్టించుకోని లోపం, క్లైంబ్‌లో నాలుగో వంతు నష్టమై బయటపడుతుంది. కాబట్టి క్లైంబ్ బాగా దెబ్బతిన్నంత మాత్రాన లోపం కూడా అంత పెద్దదే అయి ఉండాలని లేదు. చాలాసార్లు అది థ్రాటిల్ లీవరు చివర్లో మిగిలిపోయిన కొద్దిపాటి కదలికే అయి ఉంటుంది.

అందువల్ల ఏ సెట్టింగునూ ముట్టకముందే ఒక కొలత తీసుకోవాలి. దాని కోసం సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న ఏదైనా విమానాశ్రయాన్ని ఎంచుకుని, లైవ్ వెదర్ ఆపేసి, గాలి లేని నిర్మలమైన వాతావరణం పెట్టాలి. ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్, పీడనం 1013 హెక్టోపాస్కల్స్ ఉండాలి. విమానం సిమ్యులేటర్‌తో వచ్చినదే అయితే మంచిది, ఎందుకంటే బయటి నుంచి దించుకున్న విమానంలో దాని సొంత లోపాలు ఉండే వీలుంది. బరువు ఎంతో ముందే చూసి రాసుకోవాలి. ఆటోపైలట్ లేకుండా, ఫ్లాప్స్ (రెక్కల వెనుక అంచున కిందికి దిగే పలకలు) పూర్తిగా పైకి తీసి, ఫుల్ థ్రాటిల్‌తో 74 నాట్లను నిలబెట్టి, ఆల్టీమీటర్‌లో 1,000 నుంచి 2,000 అడుగులకు ఎక్కడానికి ఎంత సమయం పట్టిందో గడియారంతో కొలవాలి. నిమిషానికి 700 అడుగుల చొప్పున ఎక్కితే ఆ వెయ్యి అడుగులకు దాదాపు 85 సెకన్లు పడుతుంది. 80, 95 మధ్య ఎంత వచ్చినా విమానంలోనూ సిమ్యులేటర్‌లోనూ చెప్పుకోదగ్గ లోపం లేనట్టే. అప్పుడు లోపాన్ని వాతావరణంలోనో, బరువులోనో, నడిపే పద్ధతిలోనో వెతకాలి. రెండు నిమిషాలు దాటితే మాత్రం కారణం ఇంజను దగ్గరో కంట్రోళ్ల దగ్గరో ఉంది.

వర్టికల్ స్పీడ్ ఇండికేటర్ ముల్లును చూడకుండా గడియారాన్నే వాడమనడానికి కారణం ఉంది. అసలు విమానంలోని ఆ మీటరు సరైన అంకె చూపడానికి కొన్ని సెకన్లు ఆలస్యం చేస్తుంది, మంచి సిమ్యులేటర్లు ఆ ఆలస్యాన్ని కూడా అనుకరిస్తాయి. అంతకంటే ముఖ్యంగా, వేగాన్ని ఎత్తుగా మార్చుకున్నప్పుడు ముల్లు చూపేది నిజమైన క్లైంబ్ కాదు. 110 నాట్లతో పోతున్న విమానం ముక్కును ఎత్తి 74 నాట్లకు తెస్తే, ఇంజను ఏమీ సాయం చేయకపోయినా, కేవలం వేగం కోల్పోయినందుకే సుమారు 290 అడుగులు ఎక్కుతుంది. ఆ కొద్ది సెకన్లలో ముల్లు 1,500 దాటి పోవచ్చు. ఆ తర్వాత అది 600కో 700కో దిగివస్తే, అంతవరకు బాగా ఎక్కిన విమానం అకస్మాత్తుగా నీరసించిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ తర్వాత కనబడేదే దాని అసలు సామర్థ్యం.

కొలతలో లోటు తేలితే మొదట చూడవలసింది చేతికింద ఉన్న పరికరాలను. జాయ్‌స్టిక్, యోక్ (విమానం స్టీరింగు), థ్రాటిల్ క్వాడ్రంట్ (లీవర్ల పెట్టె), రడ్డర్ పెడల్స్ విడివిడిగా కొని కలిపి వాడుతున్నవారి విషయంలో ఇది మరీ అవసరం. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ తనకు తెలిసిన ప్రతి పరికరానికీ ఒక డిఫాల్ట్ ప్రొఫైల్ తగిలిస్తుంది. జాయ్‌స్టిక్ అడుగున ఉండే చిన్న స్లైడర్ థ్రాటిల్‌గా నమోదై ఉండగా, పక్కనున్న క్వాడ్రంట్ లీవరు కూడా థ్రాటిల్‌గానే నమోదై ఉండడం సర్వసాధారణం. స్లైడర్ చివర కాస్త అదిరి, దాని నుంచి చిన్న సంకేతం వచ్చినా చాలు, ఇంజను ఒక్క క్షణం వేరే అంకెకు జారి మళ్లీ వెనక్కి వస్తుంది. క్లైంబ్ మధ్యలో ఇంజను శబ్దం ఉండుండి తెగుతున్నట్టు అనిపించడానికి ఇది ప్రధాన కారణాల్లో ఒకటి. కంట్రోల్స్ పేజీలో థ్రాటిల్, మిక్స్చర్ (గాలిలో కలిసే ఇంధనం పాళ్లు), ప్రొపెల్లర్, ఎలివేటర్ (ముక్కును ఎత్తి దించేది), ఎలివేటర్ ట్రిమ్ (చేతి ఒత్తిడి లేకుండా ముక్కును ఒకే తీరున నిలిపేది), స్పాయిలర్ (రెక్క మీద లేచి వేగం తగ్గించే పలకలు) అనే ఆరు యాక్సిస్‌లనూ (లీవర్లు నడిపే పనులనూ) ఒక్కొక్క పరికరంలో వెతికి, ఒక పనికి ఒకే లీవరు ఉండేలా చూడాలి.

స్పాయిలర్ యాక్సిస్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. క్వాడ్రంట్‌లో ఖాళీగా ఉన్న లీవరుకు అది తెలియకుండానే తగులుకుని, ఆ లీవరు సగంలో నిలబడి ఉంటే, జెట్ విమానం స్పీడ్‌బ్రేకులు (ఆ స్పాయిలర్లే) సగం తెరుచుకునే టేకాఫ్ అవుతుంది. వేగం అందుకుంటుంది, నేల విడుస్తుంది, కానీ క్లైంబ్ దారుణంగా ఉంటుంది. కాక్‌పిట్ లోపల నుంచి చూసినంతసేపూ కారణం అంతుపట్టదు. బయటి కెమెరాకు మారి రెక్కల పైభాగాన్ని ఒకసారి చూస్తే తెరుచుకున్న పలకలు స్పష్టంగా కనిపిస్తాయి. ఫ్లాప్స్, ల్యాండింగ్ గేర్ విషయంలో కూడా ఇదే తనిఖీ పనికొస్తుంది. సెట్టింగుల పేజీల్లో అరగంట తిరిగేకంటే ముందు బయటి నుంచి విమానాన్ని చుట్టూ తిరిగి చూడడం మేలు.

లీవరు సరైనదే అయినా అది చివరిదాకా వెళ్తోందో లేదో కాక్‌పిట్‌లోని లీవరు బొమ్మను చూసి తేల్చుకోవాలి. చేతిలోని లీవరు ఆగిపోయాక కూడా తెరమీది లీవరుకు కాస్త దూరం మిగిలితే కాలిబ్రేషన్ (లీవరు కదలికను సిమ్యులేటర్‌తో సరిపోల్చే అమరిక) తప్పిందన్నమాట. సెస్నా 172ఎస్‌లో దీనికి ఇంకో సాక్ష్యం కూడా ఉంది. బ్రేకులు పట్టి, రన్‌వే మీద కదలకుండా ఉంచి ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఇంజను నిమిషానికి 2,300 నుంచి 2,400 చుట్లు తిరగాలి. అంతకు తగ్గితే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోకపోవడమో, మిక్స్చర్ తప్పుగా ఉండడమో, మాగ్నెటో (ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే పరికరం) తాళం రెండింటికీ కాక ఒకదానికే తిప్పి ఉండడమో అయి ఉంటుంది. ఈ పరీక్ష నేలమీదే, అరనిమిషంలో అయిపోతుంది, ఇంజనును అనుమానితుల జాబితా నుంచి తీసేయాలో ఉంచాలో చెప్పేస్తుంది.

ఎయిర్‌బస్ ఏ320 తరహా విమానాల్లో థ్రాటిల్ లీవర్లకు నిర్దిష్టమైన గాడులు ఉంటాయి. టేకాఫ్ తర్వాత, సాధారణంగా నేలకు 1,500 అడుగుల ఎత్తున, లీవర్లను క్లైంబ్ గాడిలోకి వెనక్కి తేవాలి. అప్పుడే ఆటోథ్రస్ట్ (ఇంజను శక్తిని తనే సర్దే వ్యవస్థ) పగ్గాలు అందుకుంటుంది. ఇంట్లో వాడే లీవర్లకు ఆ గాడులు ఉండవు, ఉన్నా వాటి స్థానం సిమ్యులేటర్ ఊహించిన చోట ఉండకపోవచ్చు. లీవరు ఆ గాడికి కాస్త దిగువన ఆగితే ఆటోథ్రస్ట్‌కు అందే గరిష్ఠ శక్తికి అక్కడే కళ్లెం పడుతుంది, విమానం ఈడ్చుకుంటూ ఎక్కుతుంది. ఫ్లైబైవైర్ ఏ320 వంటి ఉచిత విమానంలో కాక్‌పిట్ టాబ్లెట్‌లోనే ప్రతి గాడికీ విడిగా కాలిబ్రేషన్ చేసుకునే పేజీ ఉంది. ఆ విమానంతో వచ్చే క్లైంబ్ సమస్యకు ముందుగా తెరవవలసిన పేజీ అదే.

పరికరాలు బాగున్నాయని తేలాక చూడవలసింది గాలి సంగతి. ఎత్తుకు వెళ్లేకొద్దీ, ఎండ ముదిరేకొద్దీ గాలి పలచబడుతుంది. అప్పుడు ఇంజను, ప్రొపెల్లర్, రెక్కలు మూడూ ఒకేసారి బలం కోల్పోతాయి. టర్బోచార్జర్ (గాలిని నొక్కి ఇంజనుకు పంపే పరికరం) లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం శక్తిని పోగొట్టుకుంటుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో లెడ్‌విల్ విమానాశ్రయం 9,934 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తున ప్రామాణిక ఉష్ణోగ్రత సున్నాకు దాదాపు 5 డిగ్రీలు దిగువన ఉండాలి. అక్కడ వేసవి మధ్యాహ్నం 25 డిగ్రీలు ఉందనుకుంటే తేడా 30 డిగ్రీలు. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే విమానానికి ఆ రన్‌వే దాదాపు 13,500 అడుగుల ఎత్తున ఉన్నట్టే లెక్క. సెస్నా 172ఎస్ సర్వీస్ సీలింగ్ 14,000 అడుగులు. సర్వీస్ సీలింగ్ అంటే విమానం నిమిషానికి 100 అడుగులు మాత్రమే ఎక్కగలిగే ఎత్తు. కాబట్టి పూర్తి బరువుతో అక్కడ టేకాఫ్ చేసి, విమానం చెట్లమీదుగా పాకుతోందే తప్ప లేవడం లేదని ఫిర్యాదు చేస్తే, సిమ్యులేటర్ తన పని సరిగ్గా చేస్తోందని అర్థం. లైవ్ వెదర్ పెట్టుకుని, ఒకరోజు బాగా ఎక్కిన విమానం మర్నాడు ఎందుకు ఎక్కలేదని తల పట్టుకునేవారు ముందు రెండు రోజుల ఉష్ణోగ్రతలూ, కొండల దగ్గర పైకీ కిందికీ వీచే గాలులూ పోల్చి చూడాలి.

మిక్స్చర్ కూడా ఈ గాలి లెక్కలోదే. సముద్రమట్టం దగ్గర లీవరు పూర్తిగా ముందుకు ఉండాలి. పైకి వెళ్లాక గాలి పలచబడినా ఇంధనం అంతే వెళ్తుంటే మిశ్రమం చిక్కబడి శక్తి పడిపోతుంది. 172ఎస్‌లో 3,000 అడుగులు దాటాక ఇంజను చుట్లు గరిష్ఠంగా వచ్చేదాకా లీవరును కొద్దికొద్దిగా వెనక్కి తీయాలి. సహాయక సెట్టింగుల్లో ఆటో మిక్స్చర్ వేసి ఉంటే సిమ్యులేటరే ఆ పని చేస్తుంది. ఆ సెట్టింగ్ వేసుకుని అలవాటుపడినవారు ఏదో అప్‌డేట్ తర్వాత అది ఆగిపోయిందని గమనించక, విమానమే పాడైందనుకుంటారు.

మేఘాల్లోంచి ఎక్కేటప్పుడు మంచు పట్టడం ఇంకో కారణం. రెక్కల మీద పేరుకున్న మంచు బరువు పెంచడం కంటే రెక్క ఆకారాన్ని చెడగొట్టడం వల్లే ఎక్కువ హాని చేస్తుంది. వేగం కొలవడానికి ఎదురుగాలి పీడనాన్ని తీసుకునే పిటాట్ గొట్టం, దాని నీరు కారే రంధ్రం రెండూ గడ్డకడితే పరిస్థితి మరీ విచిత్రంగా మారుతుంది: లోపల చిక్కుకున్న పీడనం మారదు, బయటి పీడనం ఎక్కేకొద్దీ తగ్గుతుంది, దాంతో స్పీడ్ మీటరు వేగం పెరుగుతున్నట్టు చూపిస్తుంది. దాన్ని నమ్మి ముక్కును ఇంకా పైకెత్తితే అసలు వేగం కరిగిపోయి స్టాల్ వస్తుంది. 1974 డిసెంబరు 1న న్యూయార్క్ రాష్ట్రంలో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన బోయింగ్ 727 సరిగ్గా ఇలాగే కూలి, అందులో ఉన్న ముగ్గురు సిబ్బందీ మరణించారు. పిటాట్ హీటర్లు వేయకపోవడం ఆ ప్రమాదానికి మూలం. సిమ్యులేటర్‌లో క్లైంబ్ చేస్తుండగా ముక్కు ఎత్తినకొద్దీ వేగం పెరుగుతున్నట్టు కనబడితే, వేరే ఏమీ ఆలోచించకుండా మొదట పిటాట్ హీట్ స్విచ్ చూడాలి.

ఇక నడిపే పద్ధతిలో వచ్చే చిక్కులు. ముక్కు ఎంత ఎత్తితే అంత త్వరగా ఎక్కుతుందన్న నమ్మకం కొత్తవారిలో బలంగా ఉంటుంది. 74 నాట్ల దగ్గర మిగులు శక్తి అత్యధికం. అక్కడి నుంచి 50, 55 నాట్లకు దిగితే గాలి నిరోధం పెరిగి మిగులు తరిగిపోతుంది. ముక్కు ఇంకాస్త ఎత్తితే క్లైంబ్ రేటు పెరగడానికి బదులు తగ్గుతుంది. నేలకు రెక్క పొడవంత ఎత్తు లోపల ఉన్నప్పుడు నిరోధం తక్కువగా ఉండడం వల్ల విమానం చాలా తక్కువ వేగంలోనే లేచిపోతుంది, ఆ ఎత్తు దాటగానే ముందుకు సాగలేక కుంగుతుంది. దానికి విరుగుడు ముక్కును కొద్దిగా దించి వేగం అందుకోవడమే. క్లైంబ్ రాని విమానం ముక్కు దించడం మనసుకు ఎదురుగా అనిపిస్తుంది, కానీ నేర్చుకోవలసిన మొట్టమొదటి సంగతుల్లో అది ఒకటి.

ఆటోపైలట్ సరిగ్గా ఇదే పొరపాటును మనిషికంటే పట్టుదలగా చేస్తుంది. వర్టికల్ స్పీడ్ మోడ్‌లో నిమిషానికి 700 అడుగులని చెబితే అది ఆ అంకెనే పట్టుకుంటుంది, వేగం ఏమైపోతున్నదీ దానికి పట్టదు. కింద 700 సులువుగానే వస్తుంది. 8,000 అడుగుల దగ్గర ఆ విమానం సత్తా దాదాపు సగానికి పడిపోతుంది, అయినా ఆటోపైలట్ ముక్కు ఎత్తుతూనే ఉంటుంది, చివరికి స్టాల్ హెచ్చరిక మోగుతుంది. జీ1000 అనే డిజిటల్ తెరల పరికరం ఉన్న విమానాల్లో ఎఫ్‌ఎల్‌సీ (ఫ్లైట్ లెవెల్ చేంజ్) మోడ్ వాడితే అది వేగాన్ని పట్టుకుని, క్లైంబ్ రేటును గాలికి వదిలేస్తుంది. పొడవైన క్లైంబ్‌కు అదే తగినది. కేఏపీ 140 వంటి పాత ఆటోపైలట్‌లో ఆ మోడ్ లేదు కాబట్టి, ఎత్తు పెరిగేకొద్దీ క్లైంబ్ రేటును చేత్తోనే తగ్గిస్తూ పోవాలి.

పెద్ద జెట్‌లలో క్లైంబ్ రేటు తనంతట తాను మారే చోట్లు కొన్ని ఉన్నాయి, అవి లోపాలు కావు. చాలాచోట్ల 10,000 అడుగుల లోపు 250 నాట్ల పరిమితి ఉంటుంది. ఆ ఎత్తు దాటగానే విమానం వేగం పెంచుకోవడానికి క్లైంబ్‌ను దాదాపు ఆపేసినంత పని చేస్తుంది. ఆ తర్వాత 300 నాట్లు, మాక్ 0.78 (శబ్ద వేగంలో 78 శాతం) చొప్పున ఎక్కే విమానం సుమారు 29,000 అడుగుల దగ్గర నాట్ల లెక్క నుంచి మాక్ లెక్కకు మారుతుంది. మీటరులో స్థిరమైన నాట్లతో ఎక్కుతున్నప్పుడు గాలిలో అసలు వేగం ఎత్తుతో పాటు పెరుగుతూ పోతుంది, ఆ పెరుగుదలకు కొంత శక్తి ఖర్చవుతుంది. మాక్ లెక్కకు మారాక చల్లబడుతున్న గాలిలో అసలు వేగం కొద్దిగా తగ్గుతుంది కాబట్టి ఆ శక్తి తిరిగి క్లైంబ్‌కు అందుతుంది, రేటు కాస్త లేస్తుంది. ప్రామాణిక వాతావరణంలో 36,000 అడుగులు దాటాక ఉష్ణోగ్రత పడిపోవడం ఆగుతుంది, ఆ లాభమూ అక్కడితో సరి. ఈ ఎగుడుదిగుళ్లు కనబడడం సిమ్యులేటర్ భౌతికశాస్త్రాన్ని శ్రద్ధగా పాటిస్తోందనడానికి మంచి గుర్తు.

ముక్కు ఊగడంలో రెండు రకాలున్నాయి, వాటిని వేరుచేసేది సమయం. వేగాన్ని ఎత్తుగానూ, ఎత్తును వేగంగానూ మార్చుకుంటూ విమానం నెమ్మదిగా అలలా సాగడం దాని సహజ స్వభావం. దీన్ని ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ లెక్కగట్టాడు. 74 నాట్ల దగ్గర ఆ లెక్క ప్రకారం ఒక ఊపుకు సుమారు 17 సెకన్లు పడుతుంది, అసలు విమానాల్లో ఇంకొంచెం ఎక్కువే పట్టవచ్చు. దాన్ని జాయ్‌స్టిక్‌తో వెంటాడితే ఇంకా పెరుగుతుంది. స్ప్రింగుతో మధ్యకు వచ్చే జాయ్‌స్టిక్ ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది తెస్తుంది. అసలు విమానంలో ట్రిమ్ చేశాక యోక్ ఆ స్థానంలోనే నిలుస్తుంది; ఇంట్లో మాత్రం కర్ర వదలగానే మధ్యకు దూకుతుంది. అందుకే కర్రను పట్టి 74 నాట్లు నిలిపి, ట్రిమ్‌ను చిన్న చిన్న అడుగులుగా తిప్పుతూ, చేతిమీది ఒత్తిడిని ఆ మేరకే తగ్గిస్తూ రావాలి. తొందరపడి ట్రిమ్ ఒకేసారి తిప్పేస్తే ఆ అల మళ్లీ మొదలవుతుంది.

రెండు మూడు సెకన్లకోసారి వచ్చే ఊపు ఈ కోవలోది కాదు. అది ఆటోపైలట్ వేసి ఉన్నప్పుడే వస్తే ఫ్రేమ్ రేటునూ, సిమ్యులేషన్ వేగాన్నీ చూడాలి. కాలాన్ని నాలుగు రెట్లు వేగంగా నడిపితే ఆటోపైలట్ దిద్దుబాట్లు ఆలస్యమై అతిగా పడతాయి. ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్‌లో ఒక్కో ఫ్రేముకు ఫ్లైట్ మోడల్‌ను (విమానం కదలిక లెక్కను) ఎన్నిసార్లు లెక్కించాలో పెంచుకునే సెట్టింగ్ ఉంది. ఫ్రేమ్ రేటు తక్కువగా ఉండే కంప్యూటర్లలో అది బాగా పనికొస్తుంది. చేత్తో నడుపుతున్నప్పుడు కూడా ఈ ఊపు వస్తుంటే జాయ్‌స్టిక్ అరిగి సంకేతం అదురుతోందేమో చూసి, కొద్దిపాటి డెడ్ జోన్ (మధ్యలో చిన్న కదలికలను లెక్కచేయని మేర) ఇవ్వాలి.

ఇవన్నీ అయ్యాక మాత్రమే విమానం ఫైళ్ల మీద అనుమానం పెట్టుకోవాలి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఫ్లైట్ మోడల్ మోడర్న్‌కు బదులు లెగసీకి మారి ఉందేమో ముందు చూసి, బయటి నుంచి చేర్చిన యాడ్-ఆన్‌లు ఉండే కమ్యూనిటీ ఫోల్డరు పేరు తాత్కాలికంగా మార్చి, యాడ్-ఆన్‌లేవీ లేకుండా అదే 1,000 నుంచి 2,000 అడుగుల కొలత మళ్లీ తీయాలి. ఈసారి సెకన్లు 80, 95 మధ్యకు వస్తే యాడ్-ఆన్‌లను సగం సగంగా తిరిగి చేరుస్తూ దోషిని పట్టుకోవచ్చు. ఇంజను శక్తిని పెంచడానికి కాన్ఫిగరేషన్ ఫైలులో అంకెలు దిద్దడం చాలామంది చేసే పని, కానీ అది క్లైంబ్‌ను సరిచేస్తూనే సమతల వేగాన్నీ, టేకాఫ్ దూరాన్నీ, ఇంధన ఖర్చునూ చెడగొడుతుంది, పైగా తర్వాతి అప్‌డేట్‌లో తుడిచిపెట్టుకుపోతుంది. విమానం తయారుచేసినవారికి బరువు, ఉష్ణోగ్రత, పీడనం, ఇంజను చుట్లు, వేగం, వెయ్యి అడుగులకు పట్టిన సెకన్లు, వాటి పక్కన మాన్యువల్ చెప్పే అంకె రాసి పంపితే, వారు తమ దగ్గర అదే పరీక్ష నడిపి తేడాను చూడగలుగుతారు. విమానం సరిగా ఎక్కడం లేదన్న ఒక్క వాక్యంతో వారికి చేయగలిగేది ఏమీ ఉండదు.